ఆరోపణ రుజువు కాలేదు, ఉద్యోగమూ రాలేదు: ఆరు లక్షలు తీసుకోవాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది పరకాల దగ్గర పల్లె. 1997లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో క్లర్కుగా చేరాను. 2013లో మా బ్రాంచిలో కుదువ పెట్టిన బంగారం ప్యాకెట్లు కొన్ని గిల్టువని తేలింది. నగలు పరీక్షించే అప్రైజర్‌తో నేను కుమ్మక్కయ్యానని ఛార్జిషీటు ఇచ్చి, ఎంక్వైరీ చేసి, 2014లో డిస్మిస్ చేశారు. అప్రైజర్‌ను ఎంక్వైరీకి పిలవనే లేదు. పోలీసుల దగ్గర అతను ఇచ్చాడన్న స్టేట్‌మెంట్ ఒకటి చూపించారు, అంతే. క్రిమినల్ కేసు తర్వాత కొట్టేశారు. హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ పారిశ్రామిక ట్రిబ్యునల్‌లో ఇన్నేళ్లు నడిచిన నా కేసు ఇప్పుడు తేలింది. ఆరోపణ రుజువు కాలేదని అవార్డులో, అంటే ట్రిబ్యునల్ తీర్పులో, రాశారు. కానీ చాలా కాలం గడిచిందని, మేనేజ్‌మెంటుకు నా మీద నమ్మకం పోయిందని చెప్పి, ఉద్యోగానికి బదులు అన్ని క్లెయిములకూ కలిపి ఆరు లక్షలు ఇమ్మన్నారు. నాకిప్పుడు 53. ఆఖరి జీతం అన్నీ కలిపి 36,000. పీఎఫ్‌లో నా వాటా మాత్రం ఇచ్చారు. గ్రాట్యుటీ ఇవ్వలేదు. బ్యాంకువాళ్లు ఫోన్ చేసి, సంతకం పెట్టి డీడీ తీసుకుపొమ్మంటున్నారు. పాప పెళ్లి ఉంది, తీసుకొమ్మని మా ఆవిడ అంటోంది. హైకోర్టుకు పోదామని యూనియన్ అన్న అంటున్నాడు. ఇన్నాళ్లూ రైస్‌మిల్లులో లెక్కలు రాసి నెలకు పది పన్నెండు వేలు సంపాదించాను. ఆ సంగతి బయటికొస్తే కేసు పోతుందా? ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, హన్మకొండ జిల్లా

సమాధానం: ముందు ఆ సంతకం సంగతి. బ్యాంకు మీ ముందు పెట్టే కాగితంలో ‘పూర్తి, తుది పరిష్కారం’ అనే మాట ఉంటే దాని మీద సంతకం పెట్టకండి. డీడీ తీసుకోవచ్చా లేదా అనేది వేరే విషయం, దానికి తర్వాత వస్తాను.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆరు లక్షల అంకె కాదు, ‘అన్ని క్లెయిములకూ కలిపి’ అనే మాట. ఆ మూడు మాటల్లో మీ గ్రాట్యుటీ, పెన్షన్ రెండూ మునిగిపోయే ప్రమాదం ఉంది. ఉద్యోగం మళ్లీ వస్తుందా రాదా అని మీ ఇంట్లో, యూనియన్‌లో వాదన జరుగుతున్నట్టుంది. అసలు డబ్బు ఉన్న చోటు అది కాదు.

గ్రాట్యుటీ లెక్క చూడండి. మీ 36,000లో ఇంటి అద్దె భత్యం వగైరా తీసేస్తే బేసిక్, డీఏ కలిపి 33,000 అనుకుందాం. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం నెలను 26 రోజులుగా లెక్కించి, ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం ఇవ్వాలి. మీ 17 ఏళ్లకు దాదాపు 3.23 లక్షలు అవుతుంది. సకాలంలో ఇవ్వకపోతే సాధారణ వడ్డీ 10 శాతం. 2014 నుంచి పన్నెండేళ్లకు 3.88 లక్షలు. రెండూ కలిపితే ఏడు లక్షలు దాటింది. బ్యాంకు వడ్డీ మీద కొట్లాడుతుంది, అది ఖాయం. అయినా ట్రిబ్యునల్ మీకు నష్టపరిహారం అని ఇచ్చిన మొత్తం, మీ చెమటకు చట్టం ఎప్పుడో రాసిపెట్టిన గ్రాట్యుటీకి కూడా సరిపోవడం లేదు.

డిస్మిస్ చేశాం కాబట్టి గ్రాట్యుటీ లేదు అని బ్యాంకు అంటుంది. చట్టం అంత తేలిగ్గా అనలేదు. ఉద్యోగి వల్ల నష్టం జరిగితే ఆ నష్టం మేరకు, హింసకు దిగినా నైతిక పతనం అనదగిన నేరం ఉద్యోగంలో ఉండగా చేసినా పూర్తిగానో కొంతో, ఆపుకోవచ్చని మాత్రమే ఉంది. ఆరోపణే రుజువు కాలేదని ట్రిబ్యునల్ తేల్చాక ఆపుకోవడానికి ఆధారం ఏముంది? గ్రాట్యుటీకి వేరే చట్టం, వేరే అధికారి ఉన్నారు. బ్యాంకుల విషయంలో కేంద్ర కార్మిక శాఖ అధికారి దగ్గర దరఖాస్తు వేయాలి. ‘అన్ని క్లెయిములు’ అన్న మాట అవార్డులో అలాగే నిలిచిపోతే మాత్రం రేపు ఆ అధికారి ముందు బ్యాంకు దాన్నే చూపిస్తుంది.

ఇక పెన్షన్. పీఎఫ్‌లో మీ వాటా మాత్రమే వచ్చిందని ఒక వాక్యంలో రాసి వదిలేశారు. నాకు అది చాలా చెప్పింది. బ్యాంకు ఉద్యోగుల పెన్షన్ నిబంధనలు 1995లో వచ్చాయి. ఆ ఏడు సెప్టెంబరు 29 తర్వాత చేరినవాళ్లు ఆ పథకంలోకే వస్తారు. 2010 ఏప్రిల్ 1 నుంచి చేరినవాళ్లకే కొత్త పెన్షన్ పథకం (ఎన్‌పీఎస్). పెన్షన్ పథకంలో ఉన్నవాళ్లకు పీఎఫ్‌లో బ్యాంకు వాటా చేతికి రాదు, అది పెన్షన్ నిధికి పోతుంది. అంటే మీరు 1997 నుంచీ పెన్షన్ ఉద్యోగే. మీ తరఫున బ్యాంకు వేసిన సొమ్ము నిధిలోనే ఉంది, మీరు బయట ఉన్నారు.

డిస్మిస్ అయిన ఉద్యోగికి గత సర్వీసంతా పోయినట్టేనని ఆ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి అవార్డు చివరి పేజీ తీసి, ఆదేశం రాసిన పేరా ఒక్కటే నెమ్మదిగా చదవండి. ‘డిస్మిసల్ ఉత్తర్వును రద్దు చేస్తున్నాం’ అనే వాక్యం ఉందా? చాలా అవార్డుల్లో ఉండదు. ఆరోపణ రుజువు కాలేదని పది పేజీలు రాసి, చివరికి ‘బదులుగా ఇంత ఇవ్వండి’ అని ముగిస్తారు. ఆ వాక్యం లేకపోతే బ్యాంకు రికార్డులో మీరు ఇప్పటికీ డిస్మిస్ అయిన మనిషే. మీ పెన్షన్ సున్నా. ఉంటే, మీ సర్వీసు ఏ తేదీ దాకా లెక్క అనే ప్రశ్న వస్తుంది. 2014 దాకా అయితే 17 ఏళ్లు. అవార్డు దాకా అయితే 29. పదవీ విరమణ వయసు 60 దాకా అయితే పూర్తి పెన్షన్‌కు కావలసిన 33 ఏళ్లు దాటిపోతాయి. పెన్షన్‌కు కనీసం 10 ఏళ్ల సర్వీసు చాలు. పూర్తి పెన్షన్ అంటే చివరి పది నెలల సగటు వేతనంలో సగం, సర్వీసు తక్కువైతే ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. అది మీ తర్వాత మీ ఆవిడకు ఫ్యామిలీ పెన్షన్‌గా కూడా వస్తుంది. డీడీ తీసుకొమ్మంటున్న ఆమెకు ఈ ముక్క ఎవరైనా చెప్పారో లేదో.

ఇప్పుడు అసలు తీర్పు న్యాయమేనా అన్నది. నా దృష్టిలో కాదు. కారణం చెబుతాను.

అన్యాయంగా తీసేసిన కార్మికుణ్ని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోవడం, మధ్యకాలం జీతం ఇవ్వడం మామూలు పద్ధతి అని సుప్రీంకోర్టు 1978లో హిందుస్తాన్ టిన్ వర్క్స్ కేసులో చెప్పింది. 2013లో దీపాలి గుండు సుర్వసే కేసులో అదే మాట మళ్లీ గట్టిగా చెప్పింది. ఆ రెండో తీర్పులో మీకు పనికొచ్చే ముక్క ఇంకొకటి ఉంది: కేసు ఏళ్ల తరబడి సాగిందని చెప్పి ఉద్యోగికి రావలసింది కోసేయడం తీవ్రమైన అన్యాయం, ఎందుకంటే ఆ ఆలస్యం చాలాసార్లు కక్షిదారులది కాదు, కోర్టుల్లో మనుషులు, వసతులు చాలకపోవడం వల్ల వచ్చింది. కాజీపేటలో రైలెక్కి పన్నెండేళ్లు వాయిదాలకు తిరిగింది మీరు. ‘చాలా కాలం గడిచింది’ అన్న కారణం మీ మీదే రుద్దితే ఎలా?

మరి ఇన్ని కోర్టులు ఉద్యోగానికి బదులు డబ్బు ఎందుకిస్తున్నాయి? 2009 నుంచి వచ్చిన తీర్పుల వరస ఒకటి ఉంది. హర్యానా మార్కెటింగ్ బోర్డు రోజుకూలీ జగ్‌బీర్ సింగ్‌కు 50,000, 2013లో బీఎస్‌ఎన్‌ఎల్ లైన్‌మన్ భూరుమల్‌కు మూడు లక్షలు ఇలా ఇచ్చారు. వాళ్లంతా రోజుకూలీ మీద ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్లు. నోటీసు, పరిహారం ఇవ్వకుండా తీసేశారు కాబట్టి తొలగింపు చెల్లదు. తిరిగి తీసుకుంటే మళ్లీ నోటీసిచ్చి రేపే తీసేయొచ్చు, పర్మనెంట్ అయ్యే హక్కు కూడా లేదు. అందుకని డబ్బుతో సరిపెట్టారు. ఆ తర్కం అక్కడికి సరిపోతుంది. పరీక్ష రాసి, పర్మనెంట్ పోస్టులో చేరి, పదిహేడేళ్లు చేసి, లేని నేరం మోపితే బయటికి పోయిన మనిషికి ఆ కొలత పెట్టకూడదు. మీ అవార్డులో ఈ రోజుకూలీల తీర్పులు ఉటంకించి ఉంటే (చాలామటుకు ఉంటాయి), మీ వకీలు వాదించవలసిన మొదటి పాయింటు అదే.

2014లో బీఎస్‌ఎన్‌ఎల్ మీద తపస్ కుమార్ పాల్ వేసిన ఇంకో కేసులో, ఉద్యోగం బదులు డబ్బు ఇవ్వడానికి సరైన కారణాలు ఏవో సుప్రీంకోర్టు చెప్పింది. సంస్థ మూతపడటం, ఉద్యోగి రిటైరైపోవడం లేదా రిటైర్‌మెంట్ దగ్గర పడి సర్వీసు మిగలకపోవడం, ఒంట్లో శక్తి లేక పనిచేయలేకపోవడం, యాజమాన్యం నమ్మకం కోల్పోవడం. మీ బ్యాంకు మూతపడలేదు. మీకింకా ఏడేళ్ల సర్వీసుంది. ఆరోగ్యం సంగతి మీరు రాయలేదు, బాగుందనే అనుకుంటాను. మిగిలింది నమ్మకం ఒక్కటే.

బ్యాంకు కేసుల్లో ఈ ‘నమ్మకం పోయింది’ అనేది పెద్ద ఆయుధం. పరాయి సొమ్ము కాపాడే చోటు కాబట్టి జడ్జీలకు కూడా ఆ వాదన తొందరగా ఎక్కుతుంది. కానీ నమ్మకం పోయిందని యాజమాన్యం అనుకుంటే చాలదు. గ్వాలియర్ చక్కెర మిల్లు ఉద్యోగి కన్హయ్యాలాల్ అగర్వాల్ కేసులో 2001లో సుప్రీంకోర్టు మూడు విషయాలు చూడాలంది. ఉద్యోగి నమ్మకంతో కూడిన స్థానంలో ఉండాలి. ఆ స్థానాన్ని దుర్వినియోగం చేసి నమ్మకం పోగొట్టుకునే పని చేసి ఉండాలి. అతన్ని కొనసాగిస్తే సంస్థకు ఇబ్బందో, భద్రతకు ముప్పో ఉండాలి. మీ విషయంలో రెండోది ఎక్కడుంది? దుర్వినియోగం రుజువు కాలేదని అదే ట్రిబ్యునల్ అదే అవార్డులో రాసింది. చేసినట్టు రుజువు లేని పని వల్ల నమ్మకం పోయిందనడం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమే. మీ కేసులో అన్నిటికంటే బలమైన పాయింటు ఇదేనని నా అభిప్రాయం.

ఆరోపణ రుజువు కాలేదన్న భాగాన్ని కూడా కాపాడుకోవాలి. మీరు హైకోర్టుకు పోతే బ్యాంకు కూడా పోయి ఆ భాగాన్నే కొట్టేయమని అడగొచ్చు. అక్కడ మీకు అండగా నిలిచేది 2008లో వచ్చిన రూప్ సింగ్ నేగీ తీర్పు. ఆయనా బ్యాంకు ఉద్యోగే. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలును, ఎఫ్‌ఐఆర్‌ను తెచ్చి ఎంక్వైరీ ఫైల్లో పెట్టినంత మాత్రాన సాక్ష్యం కాదని, సాక్షులు వచ్చి చెప్పి నిలబడాలని అందులో తేల్చారు. అప్రైజర్‌ను పిలవకుండా అతని స్టేట్‌మెంట్ ఒక్కటే పెట్టారన్న మీ మాట నిజమైతే, ఇది మీ కేసు కోసమే రాసినట్టుంది. పైగా రిట్‌లో, అంటే హైకోర్టులో నేరుగా వేసే పిటిషన్‌లో, హైకోర్టు సాక్ష్యాలను మళ్లీ మొదటి నుంచి తూచదు. కాబట్టి ఈ భయం ఉంది గానీ, అతిగా పెట్టుకోవలసినంత కాదు.

డబ్బే ఇవ్వాలనుకుంటే ఎంత ఇవ్వాలి అన్నదానికి కూడా కొలతలున్నాయి. 1986లో ఓ.పి. భండారీ అనే భారత పర్యాటక అభివృద్ధి సంస్థ (ఐటీడీసీ) ఉద్యోగి కేసులో, ఆయనది పెద్ద హోదా కాబట్టి మళ్లీ తీసుకొమ్మని సంస్థను బలవంతపెట్టలేమంటూ సుప్రీంకోర్టు 3.33 ఏళ్ల జీతం, భత్యాలతో సహా, ఇమ్మంది. ఆ వింత అంకె ఎక్కడిదంటే, ఆనాడు డిపాజిట్ మీద 15 శాతం వడ్డీ అనుకుంటే ఆ మొత్తం ఏటా సగం జీతం తెచ్చిపెడుతుంది, అసలు అలాగే ఉంటుంది. మీ లెక్కలో 3.33 ఏళ్లంటే 14.4 లక్షలు. ఈ రోజు 15 శాతం వడ్డీ ఏ బ్యాంకూ ఇవ్వదు. 7 శాతం అనుకున్నా, మీ ఏడాది జీతంలో సగం 2.16 లక్షలు రావాలంటే దాదాపు 31 లక్షలు వేయాలి. మీకిచ్చిన ఆరు లక్షలు వేస్తే నెలకు 3,500 వస్తాయి. మిల్లులో లెక్కలు రాస్తే వచ్చిన దాంట్లో మూడో వంతు.

ఆ 36,000 కూడా 2014 నాటి జీతం. ఆ తర్వాత బ్యాంకుల్లో 2015, 2020, 2024లో మూడు వేతన ఒప్పందాలు జరిగాయి. మీతో పాటు చేరిన క్లర్కు ఇప్పుడు ఎంత తీసుకుంటున్నాడో, పాత స్నేహితుణ్ని అడిగి జీతం చిట్టీ నకలు తెచ్చుకోండి. కోర్టుకు అంకె కళ్లకు కనిపించాలి.

కాబట్టి నేను యూనియన్ అన్న వైపే, కానీ ఆయన చెప్పే కారణానికి కాదు. తెలంగాణ హైకోర్టులో రిట్ వేయండి. వేసేటప్పుడు మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోవాలని ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. డిస్మిసల్ ఉత్తర్వును స్పష్టంగా రద్దు చేయాలని, సర్వీసు తెగకుండా కొనసాగినట్టు భావించాలని అడగాలి. ఉద్యోగం ఇవ్వలేమని కోర్టు అనుకునే పక్షంలో ఆ సర్వీసు లెక్కతో పెన్షన్, గ్రాట్యుటీ విడిగా ఇచ్చి, పరిహారం పెంచాలని ప్రత్యామ్నాయంగా అడగాలి. ‘అన్ని క్లెయిములకూ కలిపి’ అన్న మాటను తీసేయాలని వేరుగా కోరాలి. ఈ చివరి రెండూ మరిచిపోయి ఉద్యోగం కోసమే కొట్లాడిన రిట్‌లు ఉంటాయి. కేసు నడిచే లోపు మనిషికి 60 నిండితే అడగడానికి ఏమీ మిగలదు.

మీకూ ఆ ప్రమాదం ఉంది. ఒకటి తెలుసుకోండి: ట్రిబ్యునల్ ఉద్యోగం ఇమ్మని ఉంటే, బ్యాంకు హైకోర్టుకు పోయినన్నాళ్లూ పాత పారిశ్రామిక వివాదాల చట్టం 17బి సెక్షన్ కింద, వేరే చోట ఉద్యోగంలో లేకపోతే, మీకు నెలనెలా ఆఖరి జీతం ఇస్తూ ఉండాలి. డబ్బు మాత్రమే ఇమ్మన్న అవార్డుకు ఆ సెక్షన్ రాదు. అంటే బ్యాంకుకు తొందర లేదు, మీకుంది. అందుకే వయసు చూపించి త్వరగా విచారించమని దరఖాస్తు వేయించండి. మధ్యలో రాజీ మాట వస్తే వినండి. బ్యాంకు క్లర్కుల క్రమశిక్షణ ఒప్పందం 2002 ఏప్రిల్ 10 నాటిది, అందులో డిస్మిసల్ కంటే తక్కువ శిక్షలు చాలా ఉన్నాయి. నిర్బంధ పదవీ విరమణ అలాంటిదే, అందులో పెన్షన్‌కు దారి ఉంటుంది. గెలిచిన కేసులో శిక్ష ఒప్పుకోవడం మనసుకు గుచ్చుకుంటుంది, నిజమే. కానీ నెలనెలా పెన్షన్ పడుతుంటే ఆ ముల్లు మెల్లగా మొద్దుబారుతుందని నా నమ్మకం. మీ పౌరుషం మీది, నిర్ణయం మీదే.

రిట్‌కు ఇన్ని రోజుల్లోపు అని చట్టంలో గడువు రాయలేదు. దాన్ని చూసుకుని సంక్రాంతి పోనీ, ఉగాది పోనీ అనుకోవద్దు. ఆలస్యమెందుకైందని జడ్జి అడిగే మొదటి ప్రశ్నకే తడబడతారు. వచ్చే దాంట్లో ఇంత శాతం ఇస్తే చాలు, ఫీజు వద్దు అనే వకీలు ఎదురైతే దండం పెట్టి వచ్చేయండి. గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం, ఆ విషయం అతనికీ తెలుసు.

డీడీ. పెళ్లి ఖర్చు ముందుంది కాబట్టి డబ్బు వద్దని చెప్పే ధైర్యం నేను చేయను. తీసుకోండి, కానీ రిట్ వేశాక తీసుకోండి. కనీసం, తీసుకునే రోజే రిజిస్టర్డ్ పోస్టులో బ్యాంకుకు ఒక ఉత్తరం పంపండి: ‘ఈ మొత్తాన్ని నా అభ్యంతరంతో, నా హక్కులకు భంగం లేకుండా, రాబోయే తీర్పుకు లోబడి తీసుకుంటున్నాను. గ్రాట్యుటీ, పెన్షన్ ఇందులో కలవవు.’ రశీదు మీద కూడా సంతకం పక్కన ‘అభ్యంతరంతో’ అని మీ చేత్తో రాయండి. రాయనివ్వకపోతే ఆ రోజు డీడీ తీసుకోకండి. అవార్డు ప్రకారం డబ్బు ఇవ్వడానికి బ్యాంకు షరతులు పెట్టలేదు. ఇవ్వకుండా నాన్చితే అవార్డును సివిల్ కోర్టు డిక్రీలా అమలు చేయించుకునే దారి ఉంది. ఒకేసారి పెద్ద మొత్తం వస్తే పన్ను కోసేస్తారు. బకాయి జీతం కింద వచ్చిన భాగాన్ని అవి ఏయే సంవత్సరాలవో వాటికి పంచి లెక్కించే వెసులుబాటు ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. రిటర్ను వేసే ముందు ఆడిటర్‌ను అడగండి.

ఇది చదివే ఇంకొందరి కోసం రెండు మాటలు. ప్రైవేటు బ్యాంకులో మేనేజరు హోదాలో ఉన్నవాళ్లు ఈ ఆశలేవీ పెట్టుకోవద్దు. వాళ్లు కార్మికుడి నిర్వచనంలోకి రారు. ప్రైవేటు బ్యాంకు మీద రిట్ కుదరదని ఫెడరల్ బ్యాంకు కేసులో 2003లోనే తేలింది. సివిల్ కోర్టులో నష్టపరిహారం అడగడమే మిగిలేది, అదీ చాలాసార్లు నోటీసు కాలం జీతం దాటదు. జిల్లా సహకార బ్యాంకు సిబ్బందికి హైదరాబాద్ దాకా పోయే పని లేదు, రాష్ట్ర ప్రభుత్వ పరిధి కాబట్టి వరంగల్ కార్మిక న్యాయస్థానమే చూస్తుంది. జాతీయ బ్యాంకు వాళ్లు పొరపాటున అక్కడ వేసి ఏళ్లు పోగొట్టుకోవద్దు. కొత్తగా డిస్మిస్ అయినవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోండి. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో మూడేళ్ల దాకా వ్యవధి ఉండేది. ఇప్పుడు రాజీ అధికారి దగ్గరికి రెండేళ్లలోపే పోవాలి.

మిల్లు సంగతి దాచొద్దు. పన్నెండేళ్లు ఇల్లు ఎలా గడిచిందని ఏ జడ్జికైనా అనుమానం వస్తుంది, బ్యాంకు కూడా ఆరా తీయించే ఉంటుంది. బతకడానికి లెక్కలు రాసుకున్నంత మాత్రాన ఉద్యోగం మీద హక్కు పోదు. మహా అయితే మధ్యకాలం జీతం ఇచ్చేటప్పుడు ఆ సంపాదన మేరకు తగ్గిస్తారు. తగిన ఉద్యోగం లేదని మీరు అఫిడవిట్‌లో చెప్పాక, లేదు ఉంది అని చూపించే భారం బ్యాంకుదే. నెలకు పన్నెండు వేల పని బ్యాంకు ఉద్యోగానికి సాటి అని ఎవరూ అనరు. ఏమీ సంపాదించలేదని ప్రమాణం చేసి, రేపు మిల్లు వోచరు ఒకటి బయటపడితే మాత్రం అప్పటిదాకా మీ వైపున్న కోర్టు ఆ ఒక్క కాగితంతో తిరగబడుతుంది. ఏ ఏడు ఎంత వచ్చిందో మిల్లు సేటు దగ్గర పుస్తకం ఉంటే చూసి, ఒక కాగితం మీద రాసుకుని, అవార్డు నకలుతో పాటు మొదటి రోజే వకీలు చేతికి ఇవ్వండి.